ఎర్రగా కనబడాల్సిన ఒక్క లైను

రోజూ రాత్రి బ్యాకప్‌లు సరిగ్గా పడ్డాయో లేదో చూడటానికి పైథాన్‌లో ఒక చిన్న స్క్రిప్టు రాసుకున్నాను. నడిపితే టెర్మినల్లో, అంటే కమాండ్లు టైప్ చేసే విండోలో, నాలుగైదు వందల లైన్లు గబగబా పైకి వెళ్లిపోతాయి. ఓ రోజు వాటి మధ్యలో ‘ఫెయిల్’ అన్న లైను నా కంటపడలేదు. మర్నాడు సరిగ్గా ఆ ఫైలే కావాల్సి వచ్చింది. అలాంటి టెన్షన్ మళ్లీ పడకూడదని, ఆ సాయంత్రమే తప్పులన్నీ ఎర్రగా కనబడేలా చేద్దామని కూర్చున్నాను.

దీనికి ఏదో లైబ్రరీ వేసుకోవాలనుకున్నాను. అక్కర్లేదు. రాసే అక్షరాలకు ముందు ఒక గుర్తు పంపితే చాలు: అక్షరాలకు నంబర్లిచ్చే ఆస్కీ పట్టికలో 27వ నంబరైన ఎస్కేప్, వెంటనే ఎడమ చదరపు బ్రాకెట్, 31, చివర చిన్న ఎమ్. అక్కణ్ణుంచి ఎరుపే. 32 అయితే ఆకుపచ్చ, 33 అయితే పసుపు. 1978లో డెక్ కంపెనీ తెచ్చిన వీటీ100 టెర్మినల్‌కి (అప్పట్లో టెర్మినల్ అంటే తెర, కీబోర్డు ఉన్న పరికరం) రంగులే లేవు, కానీ అక్షరాల్ని మందంగా చూపించడానికి, కింద గీత గీయడానికి అది కూడా ఇలాంటి గుర్తులనే అందుకునేది. అది తెలిశాక ఈ పాత పద్ధతి మీద నాకు గౌరవం పెరిగింది.

మొదటిసారి నడిపితే ‘ఫెయిల్’ ఎర్రగా వచ్చింది. స్క్రిప్టు ఆగాక నేను టైప్ చేసేదీ ఎర్రగానే వచ్చింది! లైను చివర 31 బదులు 0 పెట్టి అదే గుర్తు మళ్లీ పంపాలి, అప్పుడే రంగు మామూలుకి వస్తుంది.

అసలు దెబ్బ ఆ రాత్రి తగిలింది. చెప్పిన టైముకి ప్రోగ్రాములు నడిపే క్రాన్ ఈ స్క్రిప్టుని నడిపి, వచ్చిందంతా లాగ్ ఫైల్లో రాస్తుంది. లైను ‘ఫెయిల్’తో మొదలైతే లెక్కపెట్టే స్క్రిప్టు ఇంకొకటి ఉంది. ఇప్పుడు లైను మొదట్లో ఎస్కేప్ వచ్చి కూర్చుంది కదా, అందుకని తెల్లారి మెయిల్లో ఫెయిల్‌లు సున్నా అని వచ్చింది. లాగ్ తెరిస్తే రెండున్నాయి. గుండె జారిపోయింది.

అందుకే ఇప్పుడు నా స్క్రిప్టు ముందు ‘ఇజ్ ఏ టీటీవై’ అనే ఫంక్షన్‌ని పిలిచి, అవతల ఉన్నది టెర్మినలేనా అని చూస్తుంది. ఫైలుకో, ఇంకో ప్రోగ్రాముకి అందించే పైపుకో వెళ్తుంటే రంగు గుర్తులు అసలు పంపదు. ఫైళ్లలో మాటలు వెతికే గ్రెప్‌లో కలర్ ఆప్షన్‌కి ఆటో అని ఇస్తే అదీ ఇదే పని చేస్తుంది. నో కలర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి (ప్రోగ్రాములు చదువుకునే ఒక సెట్టింగ్) ఎవరైనా విలువ ఇచ్చి ఉంటే, నా స్క్రిప్టు టెర్మినల్లో కూడా రంగులు మానేస్తుంది.

మా టీమ్‌లో ఒకాయనకి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. ఆయన కోసం ‘ఫెయిల్’, ‘ఓకే’ మాటలు లైను మొదట్లో అలాగే ఉంచాను.