యంత్రం వేసిన మార్కులు, నేను అడిగిన వీడియో

మా గోదాం కుత్బుల్లాపూర్‌లో ఉంది. అక్కడి నుంచి బాలానగర్, మూసాపేట, కూకట్‌పల్లి వైపు పార్శిళ్ల బండి నడపడం మొదలుపెట్టి నాలుగేళ్లు దాటింది. ఇంతవరకు నా బండి మీద ఒక్క చలానా లేదు. అందుకే ఆ వారం ఫోనులో ‘మీ భద్రతా స్కోరు 71’ అని చూసినప్పుడు అన్నం సహించలేదు.

మా డ్రైవింగ్‌కు ఈ మార్కులు వేసే పరికరాన్ని బండి అద్దానికి బిగించి అప్పటికి రెండు నెలలు. ఒక కెమెరా రోడ్డును చూస్తుంది, ఇంకొకటి నన్ను. వేగం జీపీఎస్ లెక్కగడుతుంది, కుదుపులను లోపలి సెన్సర్ పట్టుకుంటుంది. ప్రతి వారం వందతో మొదలవుతుంది. సడన్ బ్రేకుకైనా అతివేగానికైనా మూడు మార్కులు, ఫోనుకు అయిదు పోతాయి. 80 కంటే తగ్గితే ఆ వారం ప్రోత్సాహకం రాదు. నా ఖాతాలో ఆరు బ్రేకులు, రెండు అతివేగాలు, ఒక ఫోను.

ఇన్‌ఛార్జిని అడిగితే, “యంత్రం అబద్ధం చెప్పదు కదా” అన్నారు. “ఏ రోజు, ఏ టైముకు, ఎక్కడ సార్?” అని అడిగాను. ఆ వివరాలు యాప్‌లోనే ఉన్నాయి. ఒక్కో తప్పుకూ విడిగా అభ్యంతరం పెట్టుకోవచ్చు, ఏడు రోజుల్లోపు. ఈ సంగతి మాలో ఎవరికీ తెలియదు.

అతివేగాలు రెండూ బాలానగర్ ఫ్లైఓవర్ కిందే నమోదయ్యాయి. గంటకు 68 కిలోమీటర్లట! మధ్యాహ్నం వేళ ఆ కింద బండ్లు నడిచే తీరు తెలిసినవారెవరూ దాన్ని నమ్మరు. పైన కాంక్రీటు కప్పు ఉంటే ఉపగ్రహాల సంకేతం నేరుగా అందదు. స్తంభాలకూ గోడలకూ తగిలి వంకరగా వస్తుంది. బండి నిలబడే ఉన్నా మ్యాపు మీద చుక్క గెంతుతుంది, ఆ గెంతునే పరికరం వేగంగా లెక్కేస్తుంది. అటూ ఇటూ ఉన్న రెండు దుకాణాల్లో నేను ఓటీపీ తీసుకున్న సమయాలు జతచేశాను. రెండు రోజుల్లో ఆ రెండు తప్పులూ తీసేశారు.

బ్రేకుల విషయంలో మాత్రం ‘నిబంధన ప్రకారం సరైనదే’ అని ఒక్క వాక్యం వచ్చింది. మళ్లీ రాశాను. ఈసారి వాదన పెట్టలేదు, వీడియో చూపించమన్నాను. పది రోజులకు భద్రతా విభాగం నుంచి పిలుపు వచ్చింది.

అక్కడున్న మేడమ్ ఓపికగా ఒక్కొక్కటీ వేశారు. మొదటిది మూసాపేట. మెట్రో స్తంభాల మధ్య సందులోంచి రాంగ్ రూట్‌లో ఒక బైకు దూసుకొచ్చింది. ముందు పుస్తకాల సంచితో ఒక పిల్లవాడు కూర్చుని ఉన్నాడు. నా బండి 38 నుంచి సున్నాకు వచ్చి ఆగింది. సెకనులో వేగం ఎంత పడిపోయిందన్నదే సెన్సర్‌కు తెలుసు, ఎందుకు పడిపోయిందో తెలియదు. ఆ పిల్లవాణ్ణి కాపాడిన బ్రేకుకే నాకు మూడు మార్కులు పోయాయి. మేడమ్ కూడా కాసేపు మాట్లాడలేదు. ఇంకొకటి రాత్రికి రాత్రి వేసి రంగు పూయని స్పీడ్ బ్రేకర్, మరొకటి రోడ్డుకు అడ్డం వచ్చిన గేదె. మూడూ తీసేశారు.

మిగతా మూడింటిలో ఎవరూ అడ్డం రాలేదు. ముందు ఆటో, వెనక నేను, మధ్యలో జాగా లేదు. ఎవరైనా చెయ్యి ఎత్తితే ఆటో ఆగుతుందని తెలిసీ అంత దగ్గరగా వెళ్లాను. అవి నావే అని ఒప్పుకున్నాను.

చివరిది ఫోను. అడ్రసు చెప్పడానికి కస్టమర్ చేసిన కాలు. చేతిలోకి తీసుకుని ఒక్క క్షణం చూశాననే ఇన్నాళ్లూ అనుకున్నాను. వీడియోలో నా కళ్లు మూడు సెకన్లు కిందికే ఉన్నాయి. 40 వేగంలో అది 33 మీటర్లు, దాదాపు మూడు సిటీ బస్సుల పొడవు. అంత దూరం బండిని నేను చూడకుండా నడిపాను. చేతిలో ఫోనుతో నడపడం 2019 సవరణ తర్వాత చట్టంలో ప్రమాదకర డ్రైవింగ్ కిందకే వస్తుంది. చట్టం సంగతి అలా ఉంచితే, ఆ వీడియో చూశాక నాకు ఒళ్లు జలదరించింది. “ఇది తీసేయకండి మేడమ్” అన్నాను.

అయితే ఇంకో మాట కూడా అడిగాను. “ఈ బ్రేకులు ఏ వేళల్లో పడ్డాయో ఒకసారి చూడండి.” ఆరింటిలో అయిదు సాయంత్రం నాలుగు దాటాకే. ఆ వారం నాకు రోజుకు 82 పార్శిళ్లు, తొమ్మిది గంటల పని. బండి ఆపడం, లిఫ్టు కోసం నిలబడడం, ఓటీపీ అన్నీ కలిపి ఒక్కోదానికి ఏడు నిమిషాలు కూడా రాదు. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే రోజుకు ఎనిమిది గంటలని చెప్పింది. నా కళ్లు ఎప్పుడు మూతపడతాయో చెప్పగల పరికరం నా మీద ఎంత పని పెట్టారో కూడా చెప్పగలదు. ఆ లెక్క ఎవరూ తీయడం లేదు. మేడమ్ రాసుకున్నారు.

స్కోరు 86 అయింది, ఆగిన డబ్బు తర్వాతి నెల జీతంతో వచ్చింది. పార్శిళ్లు తగ్గించమన్న విన్నపానికి ఇంకా జవాబు రాలేదు. వచ్చే నెల మళ్లీ రాస్తాను.

ఇప్పుడు ఫోను మోగితే బండి పక్కకు ఆపాకే తీస్తున్నాను. మా దగ్గర వీడియోలు ముప్పై రోజులే ఉంటాయి కనుక, ఏ రోజు సంగతి ఆ రోజే టైముతో సహా ట్రిప్ షీటు వెనక రాసుకోమని తోటి డ్రైవర్లకు చెబుతున్నాను. నిన్న ఒకతను తన కాగితం తెచ్చి, “అన్నా, ఇది ఎలా పంపాలి?” అని అడిగాడు. మంగళవారం అతనికి పిలుపు ఉంది. తోడు వెళ్తున్నాను.