పద్నాలుగో రోజు లెక్క

మొలక పరీక్షకు గింజలు పరిచి పద్నాలుగు రోజులు. ఇవాళ పొద్దంతా పెట్రీ డిష్‌ల (మూతున్న చిన్న పళ్ళేలు) ముందే. నాలుగు డిష్‌లు, ఒక్కోదాంట్లో 25 గింజలు, అడుగున రెండు పొరల అద్దుడు కాగితం. గింజ హెటెరోపోగాన్ కాంటార్టస్, ముళ్ళుండే గడ్డి. మొలకలు లెక్కపెట్టడం పది నిమిషాల పని. మొలవనివాటి సంగతి తేల్చడానికే పొద్దు చాలదు. చాలామంది ఎగ్గొట్టేదీ అక్కడే.

మొలవని ప్రతి గింజనూ పట్టకారుతో నొక్కి చూడాలి. పొట్టు అణిగిపోయి రెండు రేకులూ అతుక్కుంటే తాలు. మెత్తగా చితికి చీము లాంటిది బయటికొస్తే కుళ్ళినది. గట్టిగా నిలబడితే చాలావరకు బతికే ఉంటుంది, నిద్రపోతోందంతే. అనుమానముంటే నిలువునా కోసి 1 శాతం టెట్రాజోలియం ద్రావణంలో ఉంచితే, ప్రాణమున్న పిండం ఎర్రబడుతుంది.

వందకు 18 మొలిచాయనుకుందాం. 18 శాతమని రాసేసి విత్తనం పనికిరాదంటారు. ఆ వందలో 40 తాలైతే అసలు లెక్క 60కి 18, అంటే 30 శాతం. మిగతావి గట్టిగా ఉంటే ఇంకా ఆశ ఉన్నట్టే. తాలు ఎక్కువైతే కోత తొందరపడి ఉండొచ్చు; వచ్చేసారి ఆగి కోయాలి, ఈసారికి చెరిగి తీసేయాలి. నిద్ర ఎక్కువైతే గింజ కొత్తదని అర్థం. గుడ్డసంచిలో, తేమ తగలకుండా, గది వేడిలోనే 6 నుంచి 12 నెలలు ఉంచితే దానంతటదే వదులుతుంది. భద్రమని ఫ్రిజ్‌లో పెడితే నిద్ర కూడా అంతే భద్రంగా ఉంటుంది! పొట్టు వలిచినా, పొగ పట్టించిన నీళ్ళలో నానబెట్టినా కొంత త్వరగా లేస్తాయి. కానీ ఎకరాలకు చల్లాల్సిన గింజను చేత్తో ఎవరు వలుస్తారు?

ఒక డిష్ మూత పక్కకు ఒరిగి ఉంది. గింజకు తోకలా ఉండే ముల్లు చేసిన పని. తడి తగలగానే మెలి విప్పుకుంటూ తిరుగుతుంది, ఆరితే మళ్ళీ మెలిపడుతుంది. నేలలోకి గింజను దింపేది ఆ తిప్పుడే. డిష్‌లో మాత్రం పక్క గింజల్ని నెట్టేసి మూత లేపుతుంది, కాగితం ఆరిపోతుంది. పరచకముందే ముల్లు కత్తిరించుకోవాలి, గింజకు తగలకుండా.

నీళ్ళు ఎక్కువైనా ముప్పే. కాగితాన్ని వేలితో నొక్కినప్పుడు చుట్టూ నీటి వలయం కడితే ఎక్కువైన నీళ్ళు వంచేయాలి, లేకపోతే బూజు.

గట్టి గింజలను కొత్త కాగితం మీదికి మార్చి, నిద్ర వదిలించడానికి 0.2 శాతం పొటాషియం నైట్రేట్‌ ద్రావణంతో తడిపి, మూతల మీద తేదీ రాయడమైంది. వెలుతురులో 30 డిగ్రీలు 8 గంటలు, చీకట్లో 20 డిగ్రీలు 16 గంటలు. మళ్ళీ లెక్క 28వ రోజున.