మాస్టర్ కీ పోయి వాల్యూమ్ కీ వచ్చింది, నా పరువు పోయింది

నిన్న రాత్రే చివరి ఫైలు పంపేశాను. ఇంకో ఆర్నెల్లు నా ముందు 'కీ' అనే మాట ఎత్తకండి.

లినక్స్‌లో డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డిస్కులోని డేటాని ఇంకొకరు చదవలేకుండా తాళం వేయడం) చేసే ఒక టూల్‌కి తెలుగు అనువాదం నేను చూస్తాను. పేరెందుకు లెండి. లక్స్ అనే లినక్స్ ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో డేటాకి తాళం వేసేది ఒకే కీ. దాన్ని ఇదివరకు మాస్టర్ కీ అనేవారు, ఇప్పుడు వాల్యూమ్ కీ అంటున్నారు. మనం టైప్ చేసే పాస్‌ఫ్రేజ్ (పొడుగాటి పాస్‌వర్డ్ అనుకోండి) ఆ కీని దాచిన స్లాట్‌ని తెరుస్తుంది, అంతే. స్లాట్లు పాత రకం లక్స్1లో 8, కొత్త రకం లక్స్2లో 32 దాకా. పాస్‌ఫ్రేజ్ మార్చినంత మాత్రాన డేటా మళ్లీ ఎన్‌క్రిప్ట్ కాదు. అందుకే కీకీ, పాస్‌ఫ్రేజ్‌కీ ఒకే మాట వాడితే జనం మోసపోతారు.

పాత అనువాదంలో పాస్‌ఫ్రేజ్ ఒకచోట సంకేతపదం, ఇంకోచోట రహస్యపదం, హెల్ప్‌లో తాళంచెవి. ఇదంతా ఒక సాయంత్రంలో సర్దేశాను.

కీకి మాత్రం 'మీట' అని పెట్టారు. కీబోర్డు మీద నొక్కే మీట! శుద్ధ తెలుగు కావాలని పట్టుబట్టిన పెద్దాయన పుణ్యం. "కొత్త మీటను చేర్చండి" అంటే కీబోర్డు రిపేరు అనుకోరూ? తెలివిగా ఫైలంతా ఒక్క దెబ్బకి 'మీట' తీసి 'కీ' పెట్టేసి పంపాను. పొద్దున్నే గ్రూపులో స్క్రీన్‌షాట్. పాస్‌ఫ్రేజ్ ఎంత గట్టిదో చూపే మీటర్ కాస్తా 'కీర్' అయింది. "అన్నా, ఇది పాయసమా?" అని నిన్నగాక మొన్న చేరిన కుర్రాడు. దాని కిందే "8 మీటలు" పోయి "8 కీలు". మోకాళ్లవా, తలుపువా అని ఇంకొకడు. ఇరవై మంది నవ్వు బొమ్మలు పెట్టారు.

మూడు రాత్రులు ఒక్కో వాక్యం చేత్తో దిద్దాను. బహువచనం వచ్చిన ప్రతిచోటా వాక్యమే తిరగరాశాను. పైగా ఇంగ్లీషు మూలం మారింది కాబట్టి పాత అనువాదాల మీద 'ఫజ్జీ' ముద్ర (మళ్లీ సరిచూడాలనే గుర్తు) పడింది. అది తీసేదాకా తెర మీద ఇంగ్లీషే కనబడుతుంది. ఈ సంగతి ఎవరూ ముందు చెప్పరు, నేను చెబుతున్నాను.

ఇంకో ఆణిముత్యం: డిస్కు చెరిపే ముందు "పెద్ద అక్షరాల్లో అవును అని టైప్ చేయండి" అట. తెలుగులో పెద్ద అక్షరాలేమిటి? ప్రోగ్రాము వెతికేది ఇంగ్లీషు 'యెస్'ని. ఆ మాట అనువదించొద్దని కోడ్‌లో రాసే ఉంది, చదివితేగా!

హెల్ప్‌లో ఒక స్క్రీన్‌షాట్‌లో ఇంకా 'మీట' అనే ఉంది. బొమ్మ కదా, వెతికినప్పుడు దొరకలేదు. శనివారం దాని పని పడతాను.