పాత మారుతి 800 వెనక బ్రేకులు: ఎయిర్ తీసినా పెడల్ కిందికే పోతుంటే (నా అనుభవం)

కావలిలో మా పాత 800కి వెనక బ్రేకుల పని నిన్ననే అయింది. డ్రమ్ములు ఊడదీయడం, షూలు (డ్రమ్ము లోపల రాసుకుని చక్రాన్ని ఆపే ముక్కలు) ఎక్కించడం పెద్ద పనేం కాదు. ఆయిల్ ఒత్తిడితో షూలను తోసే వీల్ సిలిండర్ల రబ్బర్ల కింద తడి కనబడింది కాబట్టి రెండు వైపులా కొత్తవి వేశాను. ఆయిల్ తాగిన లైనర్లను (షూ మీది రాపిడి పొర) కడిగి మళ్లీ వాడొద్దు, నాలుగు షూలూ ఒకేసారి మార్చాలి. రబ్బర్లకు పెట్రోలు, కిరోసిన్ తగలనీయకండి, ఉబ్బిపోతాయి.

సముద్రపు గాలి తగిలే మన ఊళ్లలో సిలిండర్‌కు వచ్చే పైపు నట్టు తుప్పుతో పట్టేసి ఉంటుంది. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. నట్టుతో పాటు పైపు కూడా మెలి తిరుగుతుంటే అక్కడే ఆపండి. మెలిపడిన పైపు తర్వాత చీలుతుంది.

ఎయిర్ తీయడం (పైపుల్లో చేరిన గాలిని బయటికి పంపడం) పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టాలి. నిపుల్‌కు (చక్రం దగ్గర గాలి వదిలే చిన్న స్క్రూ) తెల్ల ట్యూబు తగిలించి, రెండో కొస కాస్త బ్రేక్ ఆయిల్ పోసిన సీసాలో ముంచాలి. పెడల్ తొక్కి పట్టుకున్నాక నిపుల్ పావు చుట్టు వదలాలి, కాలు తీసేలోపే బిగించాలి. మాస్టర్ సిలిండర్ మీది డబ్బాలో ఆయిల్ అడుగంటితే పని మళ్లీ మొదటికి వస్తుంది. పెడల్ కింద చెక్కముక్క పెట్టండి. పాత మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ ఎప్పుడూ వెళ్లని చోట తుప్పు ఉంటుంది, పెడల్ అడుగుదాకా తొక్కితే వాషర్లు (పిస్టన్ మీది రబ్బరు సీళ్లు) దానికి ఒరుసుకుని చిరుగుతాయి.

అసలు తలనొప్పి ఇక్కడే. బుడగ ఒక్కటి కూడా రావడం లేదు, పెడల్ మాత్రం సగం పైగా కిందికి పోతోంది. చూపిస్తే షాపతను బండి కింద తొంగి కూడా చూడకుండా "మాస్టర్ సిలిండర్ పోయిందన్నా, మార్చాల్సిందే" అన్నాడు. పరీక్ష చేయకుండా వేలల్లో ఖర్చు చెప్పేవాళ్ల మాట వినొద్దు. కాలితోనే తేల్చుకోవచ్చు. పెడల్ మెత్తగా స్పంజిలా ఉంటే లోపల ఎయిర్ ఉన్నట్టు. గట్టిగా తొక్కి పట్టినప్పుడు మెల్లగా దిగుతుంటే, బయట ఎక్కడా లీకు లేకపోతే, మాస్టర్ సిలిండర్ వాషర్లు పోయినట్టు. రెండోసారి తొక్కగానే పైకొచ్చి గట్టిగా నిలబడితే షూకీ డ్రమ్ముకీ మధ్య సందు ఎక్కువైనట్టు. హ్యాండ్ బ్రేక్ నాలుగు క్లిక్కులు లాగి తొక్కి చూడండి. పెడల్ ఎత్తు పెరిగితే ఇక అనుమానం లేదు.

మా బండిలో అదే జరిగింది. డ్రమ్ము మళ్లీ తీస్తే ఆ సందు సర్దే అడ్జస్టర్ పళ్ల మధ్య ఎర్రటి తుప్పు పొడి గట్టిపడి ఉంది, వేలితో నెట్టినా కదల్లేదు. దానికితోడు ఎవరో హ్యాండ్ బ్రేక్ కేబుల్ బాగా బిగించి పెట్టారు. కేబుల్ లాగి ఉంటే షూలు పూర్తిగా వెనక్కి వెళ్లవు, అడ్జస్టర్ పనిచేయదు. కేబుల్ వదులు చేసి, పళ్లు వైరు బ్రష్‌తో తోమి, వేడికి కరగని గ్రీజు పలుచగా రాశాను, లైనర్‌కు మాత్రం అంటనీయలేదు. చక్రం చేత్తో తిప్పితే షూ లేతగా రాసుకునేదాకా సర్దాను. పెడల్ పైనే నిలబడింది. ఆఖరున హ్యాండ్ బ్రేక్ కేబుల్ బిగించాలి, ముందు కాదు.

బ్రేక్ ఆయిల్ డాట్ 3 రకం, అదీ సీల్ తీయని డబ్బాలోదే పోయండి. తేమ పీల్చిన ఆయిల్ మరిగే వేడి 205 డిగ్రీల నుంచి 140 దాకా పడిపోవచ్చు. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి. మర్నాడు పొద్దున చక్రాల లోపలి వైపు తడి ఉందేమో చూసుకున్నాకే హైవే ఎక్కండి.