పసుపు రాయి దగ్గర

డైవింగ్‌కి గాలి ట్యాంకు వీపున వేసుకుని నీళ్లలోకి దిగుతుంటే పగడపు ముక్కల మీద కాలు సర్రున జారింది, పక్కన మా ఆయన చెయ్యి పట్టుకోకపోతే మోకాలు చీరుకుపోయేదే.

ఈ కరీబియన్ దీవి బొనేర్‌లో డైవింగ్‌కి పడవ అక్కర్లేదు. రోడ్డు పక్కన స్పాట్ పేరు రాసిన పసుపు రాయి కనిపిస్తే ట్రక్ ఆపి, నడుచుకుంటూ సముద్రంలోకి దిగిపోవడమే. కానీ ఆ మొదటి పది అడుగులే కష్టం, గట్టి సోల్ ఉన్న బూట్లు తెచ్చుకోండి. చేతులకి గ్లోవ్స్ మాత్రం నిషేధం, ఎవరూ పగడాల్ని పట్టుకోకూడదని. నాకు ఆ నియమం ఎంత నచ్చిందో! ట్రక్‌లో ఫోన్, పర్సు వదలొద్దు.

ఎల్లుండి ఫ్లైట్. చివరి డైవ్ తర్వాత విమానం ఎక్కాలంటే కనీసం 18 గంటలు ఆగాలి కాబట్టి రేపు ఒడ్డునే కూర్చుంటాం. ఇవాళ చూసిన తాబేలు ఇంకా కళ్లలోనే ఉంది.