టెక్సాస్ రాంచ్‌లో చెక్క గేటు

ఈ వీకెండ్ టెక్సాస్‌లో ఫ్రెండ్ వాళ్ల రాంచ్‌లో పశువుల దొడ్డి కట్టడానికి వెళ్లాను. చేతులు బొబ్బలెక్కాయి కానీ మనసు నిండిపోయింది.

అన్నిటికంటే నచ్చింది గేటు పని. అంత బరువైన చెక్క గేటు వాలిపోకుండా ఆపేది ఒక్క ఏటవాలు బద్ద. అది మడతబందుల వైపు కింది మూల నుంచి గడియ వైపు పై మూలకు వెళ్లాలి. అప్పుడే బరువంతా బద్ద మీదుగా కింది మడతబందుకు, అక్కణ్ణుంచి గుంజకు దిగుతుంది. తిరగేసి కొడితే బరువు మేకుల మీద పడి, కొన్నాళ్లకు అవి వదులవుతాయి.

కంచె పలకలు కూడా పశువులుండే వైపే కొట్టాలి. ఆవులు ఎంత నెట్టినా పలక గుంజకే ఆనుతుంది, మేకు ఊడిరాదు. మూలలు గుండ్రంగా తిప్పాం, లేకపోతే మంద అక్కడే కుక్కుకుని బెదిరిపోతుంది.

అక్కడున్నవి బ్రాహ్మన్ ఆవులు. అమెరికాలో తయారైన ఆ జాతిలో గిర్, కాంక్రేజ్ జాతి పశువులతో పాటు నెల్లూరు పేరుతో వెళ్లిన మన ఒంగోలు రక్తం కూడా ఉంది. ఆ మూపురాలు, గంగడోళ్లు చూస్తే ప్రాణం లేచొచ్చింది!

ఇక పశువుల్ని లారీ ఎక్కించే ర్యాంపు కట్టాలట. దానికీ వస్తానని ఇప్పుడే చెప్పేశాను.