పిల్ల ఏ భాషలో చెప్పుకోవాలి?

మా పర్లాకిమిడిలో ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. పాప ఎల్‌కేజీ అడ్మిషన్‌కి వెళ్లినప్పుడు ఫీజు కంటే ముందు నేనడిగింది ఒకటే, ఎవరైనా చెయ్యకూడనిది చేస్తే పిల్ల తెలుగులో చెప్పుకోవడానికి ఇక్కడ ఎవరున్నారు అని. "అలాంటివి మా దగ్గర జరగవండి" అన్నారు. అక్కడే నాకు టెన్షన్ మొదలైంది.

పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన 2012 పోక్సో చట్టం ప్రకారం అలా జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలి, తమ సిబ్బంది చేసింది దాచిపెడితే బడి నడిపేవాళ్లకి ఏడాది వరకూ జైలు, పోలీసులు పిల్లకి అర్థం కాని భాషలో రాసుకుంటే అనువాదకుణ్ణి కూడా ఇవ్వాలి. కానీ అంతకంటే ముందు ఎవరో ఒకరు గమనించాలి కదా! ఉన్నట్టుండి మళ్లీ పక్క తడపడం, ఒక మనిషిని చూస్తేనే ముడుచుకుపోవడం. వీటికి వేరే కారణాలూ ఉండొచ్చు, అయినా పక్కన కూర్చుని మెల్లగా అడగాలి.

పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు బడి గోడ మీద తెలుగులోనూ రాయించమని అర్జీ ఇచ్చాను. సోమవారం మళ్లీ వెళ్తున్నాను.